ఉదయగిరిలో మొదటి ఆదివారం

నెల్లూరు జిల్లా వెళ్లొచ్చానని చెబితే మా ఊళ్లో ముందు చేపల పులుసు గురించి అడుగుతారు, తర్వాత సముద్రం గురించి. నేను వెళ్లిన వైపు సముద్రం లేదు. చేపల పులుసు తిన్నాను గానీ ఆ చేపలు సోమశిల డ్యాము నీళ్లవి. అటు పడమటి వైపు మనవాళ్లు పనిగట్టుకుని పోరు. నాకూ మొన్నమొన్నటి దాకా పోవాలన్న బుద్ధి పుట్టలేదు.

మాది తెనాలి దగ్గర పల్లె. కాలువ నీళ్లు తాగి పెరిగాను, లూథరన్ గుడి తప్ప ఇంకో గుడి ఎరగను. ముప్పై మూడేళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, టీచర్ ట్రైనింగులో నా పక్క మంచం పిల్ల ఎస్తేరును చూడ్డానికి ఆత్మకూరు బయల్దేరాను. పాతికేళ్లుగా రమ్మంటూనే ఉంది, నేను ఇదిగో అదిగో అంటూనే ఉన్నాను. చివరికి ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందు, నాలుగు రోజులకని వెళ్లాను.

ఆత్మకూరు, గురువారం

ఎస్తేరు పెళ్లి చేసుకోలేదు. ఆమె కూడా టీచరుగానే రిటైరై, ఆత్మకూరులో రెండు గదుల ఇల్లు కట్టుకుని ఒక్కతే ఉంటోంది. నన్ను చూడగానే, "ఏందిమే, ఇంత లావైనావు" అంది. అటువైపు మనుషులు మనసులో మాట నోట్లో దాచుకోరు. మా గుంటూరు వైపు కూడా దాచుకోరు గానీ, కాఫీ ఇచ్చిన తర్వాత అంటారు.

పులుసులో మామిడికాయ ముక్కలు వేసింది. మేమైతే కారం పోసి చింతపండుతో సరిపెడతాం. ఆకలి మీద ఉన్నాను. ఎస్తేరు భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెట్టి, నా ప్రయాణం, నా మోకాళ్లు, నా కోడలు, రాష్ట్రంలో వానలు అన్నీ దేవుడికి ఒప్పజెప్పింది. ఆమెన్ అనేసరికి అన్నం చల్లారింది. మా ఇంట్లో ప్రార్థన అన్నం మీద ఆవిరి ఉండగానే అయిపోతుంది.

తిన్నాక ఆదివారం గుడికి ఏ చీర కట్టుకోవాలని అడిగాను. అది నెలలో మొదటి ఆదివారం, వాళ్లకు ప్రభు బల్ల, అంటే యేసు చివరి విందును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం, ఉండే రోజు. మా గుళ్లో బల్ల ఎలా ఇస్తారో ఎస్తేరుకు తెలుసు. మేం ముందుకు వెళ్లి మోకాళ్లూని అయ్యగారి చేతి నుంచి తీసుకుంటాం. వాళ్ల బాప్టిస్టు గుళ్లలో ఎక్కడి వాళ్లక్కడే కూర్చుంటారు. సంఘ పెద్దలు పళ్లేలలో రొట్టె ముక్కలు, చిన్నచిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం తెస్తే ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటారు.

"నువ్వు తీసుకోవచ్చో లేదో పాస్టరుగారిని అడగాల. చిన్నప్పుడు నీళ్లు చిలకరించుకున్నదానివి కదా" అంది. మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే అక్కడ బల్ల. ట్రైనింగు రోజుల నుంచీ ఇది మా ఇద్దరికీ వేళాకోళం. నేను నవ్వబోతుంటే, "నేనైతే తీసుకోను. పద్నాలుగు నెలలైంది తీసుకుని" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో వేళాకోళం లేదు.

నల్లరాయి

విషయం ఇది. ఎస్తేరు తల్లి తొమ్మిదేళ్లు ఉదయగిరిలో చిన్న కూతురు కరుణమ్మ దగ్గర ఉండి, అక్కడే పోయింది. చివరి నాలుగేళ్లు మంచంలోనే. ఎస్తేరు సెలవులకు పళ్లు, బలం పొడి డబ్బాలు తీసుకుని వెళ్లి వస్తుండేది. తల్లి పోయిన సంవత్సరానికి సమాధి కట్టించారు. పెద్దకూతురు, పైగా టీచరు, అందుకని రాయి పని ఎస్తేరు తన నెత్తిన వేసుకుంది. ఆత్మకూరులోనే నల్లరాయి చెక్కించి, చిన్న లారీలో ఉదయగిరి పంపించింది. రాయి మీద తల్లి పేరు కింద బైబిలు వాక్యం కూడా తనే ఎంచింది. పౌలు తన పరుగు ముగించానని చెప్పుకున్న మాట అది.

చెల్లెలిని అడగలేదు. అడగాలని తోచనైనా తోచలేదట.

జ్ఞాపకార్థ కూడికలో రాయి మీది గుడ్డ తీశారు. కరుణమ్మ చదివింది. బంధువులు, పాస్టరుగారు, ఊరివాళ్లు అందరూ ఉండగానే, "అమ్మ పరిగెత్తిందని నీకెవరు చెప్పినారు? నాలుగేళ్లు మంచంలో ఉండింది" అంది. ఆమెకు కీర్తనల్లోని 'యెహోవా నా కాపరి' అన్న మాట రాయించాలని ఉంది. అందరి ముందూ పరువు పోయిందని ఎస్తేరుకు కోపం వచ్చింది. "వాక్యం నాకు నేర్పబాకు" అనేసింది. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇక్కడ ఆ ప్రాంతపు అలవాటు ఒకటి చెప్పాలి. తోడబుట్టినవాళ్లతో గానీ పొరుగువాళ్లతో గానీ తగువు ఉంటే అక్కడివాళ్లు బల్ల ముట్టరు. ఎవరూ ఆపరు, వాళ్లే ఆగిపోతారు. పళ్లెం వస్తే పక్కవాళ్లకు అందించేస్తారు. అందుకే ముందురోజు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక పెడతారు. శనివారం మధ్యాహ్నమైతే అత్త కోడలి దగ్గరికి, అన్న తమ్ముడి దగ్గరికి పోయి క్షమించమని అడగడం ఆ వీధుల్లో మామూలేనట. మా గుళ్లో కూడా పక్కవాళ్లకు సమాధానం, అంటే శాంతి, చెప్పమంటారు. మేం పక్కకు తిరిగి చేతులు కలుపుతాం. పక్కన ఉండేది ఎప్పుడూ మనతో తగువు లేనివాళ్లే.

పద్నాలుగు నెలలుగా పళ్లెం తన చేతి మీదుగా పోతుంటే ఎస్తేరు చూస్తూ కూర్చుంటోంది. గుడిలో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. "సచ్చేలోగా ఒక్కసారన్నా తీసుకోవాల" అంది. ఆమెకు బీపీ ఉంది, కిందటేడు స్టెంటు వేశారు. అది విన్నాక నాకు నిజంగా భయమేసింది.

శుక్రవారమంతా దాని గురించే మాట్లాడాను. పాస్టరుగారింటికి వెళితే, ఆయన ముందు నా సంగతి విని తల గోక్కుని, నీళ్ల సంగతి పెద్దలతో ఆలోచించి చెబుతానన్నారు. ఎస్తేరు సంగతికి మాత్రం ఆలోచించలేదు. వెళ్లి కలుసుకోమన్నారు. బయటికి రాగానే నేను లెక్క వేశాను. శనివారం పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఉదయగిరి, రెండింటికి క్షమాపణ, నాలుగింటికి తిరుగు బస్సు, చీకటి పడేలోగా ఇక్కడ కూడిక. జీవితమంతా గంట కొట్టి పాఠాలు చెప్పిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

మర్రిపాడు రోడ్డు

ఆత్మకూరు దాటితే పొలాల్లో పచ్చదనం తగ్గుతూ వచ్చింది. మర్రిపాడు వచ్చేసరికి ఎర్రమట్టి, కంది మోళ్లు, రోడ్డు మీద లారీలు మాత్రమే మిగిలాయి. వాన పడితే పంట, లేకపోతే గొర్రెలు. రోడ్డుకు అడ్డంగా ఒక మంద వచ్చి మా బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేసి టీకి దిగాడు. టీ పది రూపాయలు, గ్లాసు మాత్రం మా ఊరి దాంట్లో సగం.

నేనూ దిగాను. ఆదివారపు బడిలో పిల్లలకు బొమ్మలు చూపించి కాపరి గురించి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ బొమ్మలో కాపరికి తెల్లని అంగీ, చేతిలో కర్ర, ముఖాన చిరునవ్వు. ఇక్కడి కాపరికి తలకు తువ్వాలు, చేతిలో సెల్‌ఫోను. భుజానికి గోతం జోలె, అందులోంచి ఒక గొర్రెపిల్ల మూతి బయటికి పెట్టి అరుస్తోంది. ఆయన తన మందను ఆపకుండా తిడుతున్నాడు. నేను ఇక్కడ రాయలేని తిట్లు.

పాపం అంతలా తిడతావేమయ్యా అన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. "తిట్టకపోతే ఎట్టమ్మా? లారీ కింద పడతాయి. నిన్న రెండు పోయినాయి" అన్నాడు. జోలెలో పిల్ల పుట్టి మూడు రోజులైందట. బద్వేలు వైపు నుంచి దాన్ని మోసుకొస్తున్నాడు. దాని తల మీద ఒకటి మొట్టి, మళ్లీ ఆ చేత్తోనే లోపలికి సర్ది, మందను పక్కకు తోలాడు. బస్సెక్కాక ఎస్తేరుతో చెబితే, వింటున్నట్టు తల ఊపింది గానీ, ఆమె కళ్లు చేతి గడియారం మీదే ఉన్నాయి.

ఉదయగిరి

పాత కోట ఉన్న కొండ ఊరి మీదికి వంగి చూస్తున్నట్టుంటుంది. పైదాకా ఎక్కాలని వెళ్లినవాళ్లకు ఎవరికైనా అనిపిస్తుంది. నేను నాలుగు మెట్లు ఎక్కేసరికి కుడికాలి చెప్పు పట్టీ తెగింది. దేవుడు నా మోకాళ్లను కాపాడాడని ఎస్తేరు అంది. ఒక చెప్పు తొడుక్కుని, ఒక చెప్పు చేత పట్టుకుని, కరుణమ్మ ఉండే వీధికి నడిచాను.

ఆ వీధిలో గడప గడపకూ చెక్క పని. గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు. కొండల్లో దొరికే తెల్లటి మెత్తని కర్రను చెక్కి చేస్తారు. ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, ఆడవాళ్లే చక్కగా చెక్కుతున్నారు. చేపబొమ్మ పిడి ఉన్న చెంచా నలభై రూపాయలంది ఒకావిడ. బేరమాడకుండా నాలుగు కొన్నాను, ఎందుకంటే ఆవిడ నా కాలు చూసి అడక్కముందే తన హవాయి చెప్పులు విప్పి ఇచ్చింది. పేరు ఖాసింబీ. కరుణమ్మ ఆవిడ పక్కిల్లే. ఖాసింబీ చెక్కిన గరిటెలు తెచ్చుకుని, ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసి ఇవ్వడం కరుణమ్మ పని. భర్త లారీ డ్రైవరు, నెలకు పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ.

వసారాలో గరిటెల కుప్ప ముందు కరుణమ్మ కూర్చుని ఉంది. అక్కను చూసి లేచింది. నీళ్లిచ్చింది. సద్ద సంగటి, వేరుశనగ పచ్చడి పెట్టింది. నాతోనే మాట్లాడింది, అక్క వైపు చూడలేదు. మేం తినడం అయ్యేసరికి రెండు దాటింది. ఎస్తేరు చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడే, దారంతా వల్లించుకున్న మాటలు చెప్పింది. తప్పైందనీ, అడక్కుండా చేశాననీ, క్షమించమనీ. బాగానే చెప్పింది. చెబుతూ ఒకసారి గడియారం చూసుకుంది.

మళ్లీ కుప్ప ముందు కూర్చున్న కరుణమ్మ గరిటె రుద్దడం ఆపలేదు.

"నాలుగు గంటల బస్సు కదా మీకు" అంది. "క్షమించినా. పో అక్కా, రేపు బల్ల తీసుకో."

"అట్టంటావేంది కరుణా?"

"ఇంకెట్టా అనాల? నువ్వు నా కోసరం రాలా. బల్ల కోసరం వచ్చినావు."

నాకు తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు. రెండింటికి క్షమాపణ అని టైంటేబులు వేసిన మహాతల్లిని నేనే. అపాయింట్‌మెంటు పెట్టుకుని ఒక మనిషిని క్షమాపణ అడగడానికి తీసుకొచ్చాను, పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినట్టు. ఏదో ఒకటి సర్దిచెప్పాలని నోరు తెరిచి, ఏడుసార్లు కాదు డెబ్బై ఏడుల సార్లు క్షమించాలన్న ప్రభువు మాట ఎత్తుకున్నాను. కరుణమ్మ నా వైపు చూసిన చూపుకు సగంలోనే ఆపేశాను.

ఎస్తేరు చేతి గడియారం విప్పి సంచిలో వేసి, చెల్లెలి ఎదురుగా కింద కూర్చుంది. స్టెంటు వేసిన మనిషి, కింద కూర్చుని చాలా కాలమైంది. ఒక గరిటె, ఒక కాగితం ముక్క తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది.

"అడ్డంగా రుద్దబాకు. గీతలు పడతాయి. కర్ర చార ఎటుంటే అటు పోవాల" అంది కరుణమ్మ. ఎస్తేరు మారుమాట లేకుండా చెప్పినట్టు చేసింది. మూడైంది, నాలుగైంది. బస్సు పోయిన సంగతి ముగ్గురికీ తెలుసు. నాకూ ఒక కాగితం ఇచ్చారు. నేను రుద్దిన రెండింటిని కరుణమ్మ మళ్లీ రుద్దింది.

ఎండ వాలాక ఎస్తేరు అడిగింది, అమ్మ చివర్లో ఎట్లా ఉండేదని. తల్లి పోయి రెండేళ్లు దాటినా ఆ మాట అడగడం అదే మొదటిసారని తర్వాత నాతో చెప్పింది.

కరుణమ్మ చాలాసేపు చెప్పింది. తల్లి చివరి రెండేళ్లలో అందరి పేర్లూ మర్చిపోయింది. పెద్దకూతురి పేరు, చిన్నకూతురి పేరు, తన పేరు. ఆ కాపరి కీర్తన ఒక్కటే మిగిలింది, అదీ మొదటి రెండు మాటలే. పక్క తడిపిన ప్రతిసారీ ఆ రెండు మాటలే అనేది. "నేను తిడతా మార్చేదాన్ని అక్కా. రోజుకు నాలుగుసార్లు, ఐదుసార్లు. నోటికొచ్చినట్టు తిట్టినా. నేను తిడతా ఉంటే ఆమె అది చెప్పుకుంటా ఉండేది." ఎస్తేరు ఏ వాక్యమూ చెప్పలేదు. చెల్లెలి మోకాలి మీద పడ్డ కర్రపొడిని కొంగుతో దులిపింది.

ఆ సాయంత్రం ఉదయగిరి గుళ్లోనూ సిద్ధపాటు కూడిక జరిగింది. పాటలు మాకు వినిపిస్తూనే ఉన్నాయి. మేం ముగ్గురం గరిటెల కుప్ప తరిగేదాకా కదలలేదు.

ఆదివారం

పొద్దున తయారవుతుంటే ఎస్తేరును పక్కకు పిలిచి అడిగాను, ఇప్పుడైనా బల్ల తీసుకుంటావా అని. తీసుకోనంది. చెల్లెలు క్షమించానంది కదా అన్నాను. "అది నన్ను పంపీడానికి అన్న మాట. క్షమించిన మాట కాదు. ఆ తేడా నాకు తెలవదా?" అంది. చెబుతున్నప్పుడు ఆమెలో తొందర లేదు. శుక్రవారం నాటి భయమూ లేదు. నాకే ఏడుపు వచ్చింది.

ఉదయగిరి గుడి మాదాని కంటే చిన్నది, గోడలు లావు, లోపల చల్లగా ఉంది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. పాటలో తాళం మాకంటే నిదానం, గొంతులు మాకంటే గట్టి. మేం ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. చివర ఎస్తేరు, పక్కన కరుణమ్మ, ఇటు నేను. పాస్టరుగారు తమ్మును తాము పరీక్షించుకొమ్మని చెప్పి, ప్రార్థన చేసి, పెద్దల చేతికి పళ్లేలు ఇచ్చారు.

మా బెంచీకి ఎస్తేరు వైపు నుంచి వచ్చింది పళ్లెం. ఆమె రెండు చేతులతో అందుకుంది. ఒక్క క్షణం దాని వైపు చూసి, చెల్లెలికి అందించింది. కరుణమ్మ అందుకుని, ముక్క తీయకుండా, తిన్నగా నా చేతిలో పెట్టింది. అలవాటైన చేతిలా పెట్టింది. ఆ అలవాటు నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఎస్తేరుకు వెంటనే అర్థమైంది.

"నువ్వు కూడానా?" అంది గొంతు తగ్గించి. "ఎన్నాళ్లనించి?"

కరుణమ్మ ముందుకే చూస్తూ, "రాయి పెట్టినకాడి నించి" అంది. "నీకొక్కదానికే ఉండాదా మనస్సాక్షి?"

చిలకరింపుదాన్ని నేను తీసుకోవచ్చా లేదా అన్నది నాకు ఆ నిమిషంలో గుర్తే లేదు. పళ్లెం పక్కావిడకు ఇచ్చేశాను. ద్రాక్షరసం గ్లాసులు కూడా అలాగే మా ముగ్గురినీ దాటిపోయాయి. పళ్లెం తెచ్చిన పెద్దాయన మా బెంచీ వైపు రెండుసార్లు చూశాడు. ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కరుణమ్మ పాటల పుస్తకం తెరిచి, తర్వాతి పాట వెతికి, అక్క ఒళ్లో పెట్టి, వరస మీద వేలు పెట్టి చూపించింది.

ఆరాధన అయ్యాక ఇద్దరూ సమాధి దగ్గరికి వెళ్లారు. నన్నూ రమ్మన్నారు గానీ నేను వెళ్లలేదు. ఖాసింబీ ఇంట్లో టీ తాగుతూ కూర్చున్నాను. చెప్పు కుట్టించి పెట్టింది, డబ్బులిస్తే కోప్పడింది. వాళ్లు గంట తర్వాత వచ్చారు. రాయి గురించి ఏమనుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ ఈసారి అడగలేదు.

నా బస్సు మూడింటికి. స్టాండుకు ఇద్దరూ వచ్చారు. ఎస్తేరు చేతిలో ఆమె సంచి లేదు. నా చేతికి ఆత్మకూరు ఇంటి తాళంచెవి ఇచ్చి, పక్కింటివాళ్లకు ఇవ్వమంది, మొక్కలకు నీళ్లు పొయ్యమని చెప్పమంది. మాత్రలు ఉదయగిరి బస్సులో ఎవరితోనైనా పంపించమంది. ఎన్నాళ్లుంటావే అని అడిగాను.

ఎస్తేరు నోరు తెరిచేలోగా కరుణమ్మ నా సంచి అందుకుని బస్సులో పెడుతూ, "వచ్చే మొదటి ఆదివారం దాకా ఉంటాది" అంది.